పడవలో మధ్య బల్ల

ఇవాళ పొద్దున్న కౌన్సిల్ వాళ్ళు మా ఫ్లాట్ల ముందు గడ్డి కోశారు. రాత్రంతా వాన పడింది. తడి గడ్డి మీద మిషను తిరుగుతుంటే పచ్చి ఆకుల వాసన, దాంతో కలిసి పెట్రోలు పొగ వాసన వంటింటి కిటికీలోంచి లోపలికొచ్చాయి. పప్పు కలుపుతున్న గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ రెండు వాసనలూ కలిశాయంటే నేనింక ఇంగ్లండులో ఈ రీడింగ్ ఊళ్ళో ఉండను. మలేషియా అడవిలో, మట్టిరంగు నది మీద, వెనక మోటారు కట్టిన పొడుగాటి పడవలో ఉంటాను. ముందు బల్ల మీద ఒక ముసలామె, వెనక బల్ల మీద ఇంకొక ముసలామె, మధ్య బల్ల మీద నేను. పొద్దున్న ఎక్కి సాయంత్రం దిగాం. ఆ ఒక్క రోజే. ముందు బల్ల మీద కూర్చున్న ఆమె పేరు పైడమ్మ. ఆమె గురించి రాస్తున్నాను. నాకు అక్షరాలు నేర్పింది ఆమే గనక ఆ అక్షరాలతోనే రాయాలి. తియ్యగా రాయడం నా చేత కాదు. ఆమె కూడా నాతో ఏ రోజూ తియ్యగా మాట్లాడలేదు.

నాది శ్రీకాకుళం వైపు పల్లె. బడి మొహం చూడలేదు. మా ఆయన జూట్ మిల్లులో పనిచేస్తూనే పోయాడు. మా శ్రీను కంప్యూటర్ చదువు చదివి, తొంభైల చివర్లో ఇక్కడికి కాంట్రాక్టు ఉద్యోగానికొచ్చి, కోడలికి పురుడొచ్చే ముందు నన్ను రప్పించుకున్నాడు. వచ్చిన కొత్తలో నేను ఇంట్లో గిన్నెలకీ పొయ్యికీ తప్ప బయట దేనికీ పనికొచ్చేదాన్ని కాదు. బస్సు నంబరు తెలీదు, మందు సీసా మీద ఏముందో తెలీదు. ఎవరో ఒకరు చదివి చెప్పాలి. అరవై ఏళ్ళు దగ్గరపడుతున్న మనిషిని చిన్నపిల్లలా చెయ్యి పట్టుకుని తిప్పితే ఎలా ఉంటుందో తిప్పించుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

పైడమ్మను మొదట చూసింది సర్జరీలో. ఇక్కడ సర్జరీ అంటే కోత కాదు, మామూలు డాక్టరు కూర్చునే చోటే. శ్రీను నన్ను లోపల కూర్చోబెట్టి, కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ పోయాడు. గోడ మీద ఒక బోర్డు. టింగుమని మోగితే దాని మీద ఎర్రటి అక్షరాల్లో ఎవరిదో పేరు పడుతుంది, ఆ మనిషి లేచి లోపలికి పోతుంది. నేను మోకాలు నొక్కుకుంటూ "ఓరి నాయనో" అన్నాను. పక్కన కూర్చున్నామె తల తిప్పింది. నల్లగా, పొట్టిగా, కత్తిరించిన తెల్లజుట్టుతో, పాంటు మీద ఉన్ని కోటు వేసుకుని ఉంది. "ఏ ఊరే నీది?" అంది. దేశం కాని దేశంలో అచ్చం మా నాయనమ్మ గొంతు విన్నట్టయింది. ప్రాణం లేచొచ్చి, "నా పేరు రవణమ్మమ్మా. బోర్డు మీద పడితే కొంచెం చెప్పండి" అని అడిగాను. ఆమె సరేననలేదు, కాదనలేదు. బోర్డు టింగు టింగుమంటూనే ఉంది. నా తర్వాత వచ్చినవాళ్ళు కూడా లోపలికి పోయి మందు కాగితాలతో బయటికొస్తున్నారు.

"ఇంకా రాలేదేటమ్మా?" అన్నాను.

"ఒచ్చింది. ఒకపాలి కాదు, మళ్ళీ కూడా ఒచ్చింది. ఎల్లిపోనాది."

"మరి సెప్పలేదేం?"

"పేరు నీది. నాకెందుకు?"

నాకు ఒళ్ళు మండింది. ముసలిముండా అని లోపల అనుకున్నాను. బయటికే అన్నానేమో, ఇప్పుడు గుర్తులేదు. ఆమె నా మొహంలోకి నింపాదిగా చూసి, "సిగ్గేసినాదా, కోపమొచ్చినాదా?" అని అడిగింది. కోపమేనన్నాను. "అయితే పరవాలేదు. సిగ్గయితే ఇంటికెల్లి దుప్పటి కప్పుకుని పడుకుందువు. ఈ రోడ్డు సివర పసుపు తలుపు ఇల్లు నాది. రేపు రా" అని, అప్పుడే తన పేరు పడితే లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు వెళ్ళాను. తిట్టి రావడానికే వెళ్ళానని ఇప్పటికీ నా నమ్మకం. అలా వెళ్ళినదాన్ని ఏళ్ళ తరబడి వెళ్తూనే ఉన్నాను. ఆమెది చిన్న ఫ్లాటు. చలికాలంలో కెటిల్ మరిగితే వంటింటి కిటికీ అద్దం మీద మంచులా ఆవిరి పట్టేది. అదే ఆమె పలక. వేలితో అక్షరం రాసేది. అది నీరై కిందికి కారిపోయేలోగా నేను చదవాలి. కారిపోతే మళ్ళీ కెటిల్ పెట్టేది గాని మళ్ళీ రాసేది కాదు. "ఇందాక సూసినావు కదా. నువ్వే రాయి" అనేది. మొదట ఇంగ్లీషులో నా పేరు. తర్వాత మందులు, బస్సులు, వారాల పేర్లు. ఆ తర్వాత తెలుగు మొదలుపెట్టింది. ఇక్కడ తెలుగుతో నాకేం పని అన్నాను. "ఇంగ్లీషు బోర్డుల కోసం. తెలుగు నీలో నువ్వు తిట్టుకోడానికి" అంది. ఒకరోజు కోపమొచ్చి అద్దం నిండా 'పైడమ్మ రాక్షసి' అని రాశాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూసి, "రాచ్చసి అలాగ రాయరు. సెరిపి మళ్ళీ రాయి" అంది. మళ్ళీ రాశాను. సరిగ్గా వచ్చింది. ఆ రోజు టీలో చక్కెర ఎక్కువ వేసింది. ఆమె మెచ్చుకోవడమంటే అదే.

ఆమె ముత్తాతలది మా వైపే. ఓడెక్కి మలయా రబ్బరు తోటలకి కూలికి పోయినవాళ్ళు. ఆమె పుట్టింది అక్కడ అడవి మధ్య, నది ఒడ్డున ఉన్న ఒక తోటలో. ఆ తోటలో ఒకే గది తెలుగు బడి ఉండేదట. అక్కడ చదువుకుని, టౌనులో ఇంగ్లీషు నేర్చి, నర్సు ట్రైనింగుకని పంతొమ్మిదేళ్ళకి ఇంగ్లండు వచ్చింది. వచ్చినామె వెనక్కి పోలేదు. పెళ్ళి చేసుకోలేదు. మా నాయనమ్మతో పోయిన మాటలన్నీ ఆమె నోట్లో చెక్కు చెదరకుండా ఉండేవి. మా వైపు అక్కని అప్ప అంటాం. ఒకరోజు మాటల్లో అలవాటుగా "అప్పా, ఆ గిన్నె ఇటియ్యి" అన్నాను. ఆమె గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"ఏటన్నావు?"

"గిన్నె ఇమ్మన్నాను."

"దానికి ముందు."

"అప్పా అన్నాను. అనకూడదా?"

"అను. ఇంకోపాలి అను." అన్నాను. ఆమె అటు తిరిగి కుళాయి తిప్పింది. గిన్నె కడిగిందే కడిగింది. చాలాసేపటికి, "నాకొక సెల్లి ఉంది. నూకాలు. నన్ను ఆ మాట అనడం మానేసి నలభై ఏళ్ళు దాటినాది" అంది. ఎందుకని అడిగితే, "బస్సు టైమయింది, ఎల్లు" అంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. అది లేకపోతే పడవలో నేను చేసిన పని మీకు అర్థం కాదు. ఒకసారి మా కోడలికీ నాకూ ఏదో మాట పట్టింపు వచ్చింది. "అప్పా, నువ్వొచ్చి దానికి నాలుగు మాటలు చెప్పు" అని అడిగాను. పైడమ్మ చేతిలో బిస్కట్టు కింద పెట్టింది. ఆమె ఆస్పత్రిలో పనిచేసిన రోజుల్లో మనవాళ్ళెవరైనా వస్తే డాక్టరు మాట వాళ్ళకీ, వాళ్ళ మాట డాక్టరుకీ ఆమె చేతే చెప్పించేవాళ్ళట. ఒక భార్యాభర్తలొచ్చారు. భార్యకి నయంకాని జబ్బు. భర్త బతిమాలాడు, తగ్గిపోతుందని చెప్పు సిస్టర్ అని. ఈమె అలాగే చెప్పింది. "ఆ మడిసి మొగుడి మొగం సూడలేదే. నా మొగం సూసి నమ్మినాది. నవ్వినాది కూడా. పిల్లలకి సెప్పాల్సినవి సెప్పకుండా పోనాది. అబద్దం ఆయనది, నోరు నాది. ఆ రోజుతో మానీసినాను. ఒకరి మాట నాను మొయ్యను. నువ్వూ మొయ్యకు. నీ కోడలితో గొడవుంటే నువ్వే దాని మొగమ్మీద సెప్పు." వెళ్ళి చెప్పాను. పెద్ద గొడవే అయింది. గొడవైతే అయింది గాని అయిపోయింది.

గుండె బాలేదని డాక్టరు చెప్పిన ఏడాది ఆమె నన్ను మలేషియాకి తోడు రమ్మంది. "అమ్మని పాతిపెట్టిన సోటు సూడాల. పాత తోట దగ్గిర. దారి లేదు, నది మీద పోవాల. పొద్దున్నెక్కితే సాయంత్రానికి ఒచ్చీవొచ్చు. నూకాలు తీసుకెల్తాదట" అంది. చెల్లెలు ఆ నది ఒడ్డునే చిన్న టౌనులో ఉంటోంది. మధ్యలో ఎవరో బంధువు ఫోను చేసి అడిగితే 'వస్తే రమ్మను' అందట. ఆ ఒక్కమాటకే పైడమ్మ కొత్త చీరలు కొంది. పాంట్లు తప్ప కట్టని మనిషి. శ్రీను ఒప్పుకోలేదు. "అమ్మా, ఆ సిస్టర్ ఆంటీకి పిచ్చి. నీకు షుగరుంది. ఆ అడవిలో ఏమన్నా అయితే?" అన్నాడు. "అయితే అక్కడే పాతెయ్యమను. ఇక్కడైతే దానికీ అపాయింట్‌మెంటే కదా" అన్నాను. విమానంలో అంతసేపూ పైడమ్మ కునుకు తియ్యలేదు. ఒక్కసారి నా భుజం తట్టి, "అది నన్ను అప్పా అంటాదంటావా?" అని అడిగింది. అంటుందన్నాను. తెలిసి అనలేదు. ఊరికే అన్నాను.

రేవు దగ్గర నూకాలు మాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. సన్నగా, ఎండుపుల్లలా ఉంది. చంకలో గొడుగు, చేతిలో బుట్ట, బుట్టలో కొడవలి. పైడమ్మ కొత్త చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, తెల్ల బూట్లతో, తడబడుతూ ఆమె దగ్గరికి నడిచింది. నోరు తెరిచింది. నూకాలు ఆమెని దాటి నా వైపు చూసి, "రవణమ్మవి నువ్వేనా? ఆవిణ్ణి ముందు బల్ల మీద కూకోమను. ఎనకయితే పొగ కొడతాది" అంది. తను పోయి పొగ కొట్టే వెనక బల్ల మీద కూర్చుంది. ఆమె వెనక మోటారు దగ్గర మలయా పడవవాడు. అతనికి మా భాష రాదు.

మన ఇళ్ళల్లో ఇది ఎవరికీ కొత్త కాదు. ఇద్దరికి మాటల్లేకపోతే మూడో మనిషి కావాలి. దానికి చెప్పు, ఆయన్నడుగు, అన్నం తింటాడేమో కనుక్కో. అందరూ ఒకే గదిలో ఉంటారు. అందరికీ వినపడుతుంది. అయినా మూడో మనిషి తిరిగి చెబితేనే లెక్క. అప్పటిదాకా అన్నది అన్నట్టు కాదు, విన్నది విన్నట్టు కాదు. మా అత్తా మామా అలాగే ఏళ్ళు వెళ్ళదీశారు. నాకు అలవాటే. అందుకే నూకాలు మాట నా నోట్లోంచి వెంటనే వచ్చేసింది: "అప్పా, నిన్ను ముందు కూకోమంటోంది." వెనక బల్ల మీద నూకాలు మొహం బిగుసుకుంది. తను అనని అప్పా అన్న మాట పరాయిదాన్ని నేనంటున్నాను. అది నాకు కాసేపటికి గాని తట్టలేదు.

నది చిక్కటి టీ డికాషన్‌లా ఉంది. రెండు పక్కలా చెట్లు ఎంత ఎత్తంటే, మెడ వెనక్కి వాల్చినా కొస కనపడలేదు. వేళ్ళు గోడల్లా భూమ్మీదికి లేచి ఉన్నాయి. చెట్ల మీంచి తీగలు నీళ్ళ దాకా వేలాడుతున్నాయి. కీచురాళ్ళ మోత మోటారు మోతతో పోటీ పడుతోంది. పెద్ద ముక్కు పక్షి ఒకటి మా మీదుగా ఎగిరితే దాని రెక్కల చప్పుడు చేటతో చెరిగినట్టు వినిపించింది. ఒడ్డున ఒక ఉడుము మమ్మల్ని చూసి కదల్లేదు. ఇంకెవరితోనైనా వచ్చి ఉంటే కళ్ళు పండాయనుకునేదాన్ని. నేను మెడ ముందుకీ వెనక్కీ తిప్పుతూనే ఉన్నాను.

"తలకి గుడ్డ కట్టుకోమని సెప్పు. ఎండ." వెనక నుంచి నూకాలు.

"అప్పా, గుడ్డ కట్టుకోమంటోంది."

"ఇటేపు రబ్బరు సెట్లుండీవి కదా. ఏటయినాయో అడుగు." ముందు నుంచి పైడమ్మ.

"రబ్బరు చెట్లేమయ్యాయంటోంది."

"కొట్టీసినారు. తోట మూసీసినారు. అడవి మింగీసినాది. ఆవిడికెలాగ తెలుస్తాది, సూడలేదు కదా. సెప్పు."

చెప్పాను. ఉన్నదున్నట్టే చెప్పాను, అలాంటి చోట చక్కెర కలపడం నాకు రాదు. పైడమ్మ కాసేపు నీళ్ళలో చెయ్యి పెట్టుకుని కూర్చుంది. తర్వాత వెనక్కి తిరక్కుండానే, "అమ్మ ఎలాగ పోనాదో అడుగు" అంది.

నేను తిరిగేసరికే నూకాలు మొహం మారిపోయి ఉంది. నేను అడగక్కర్లేదు. అయినా అడిగేదాకా ఆగింది. అడిగాను. అప్పుడు నా మొహంలోకి చూస్తూ చెప్పింది. "జొరం. వానలు. తోట డాక్టరు లేడు. పెద్దది ఒస్తాది, సూదేస్తాది, పెద్దది నర్సు కదా అని ఒకటే పాట. ఈ నదిలో మోటారు సప్పుడు వినపడితే సాలు, నూకా, పైడి ఒచ్చినాదేమో సూడే అనీది. నాకప్పుడు పన్నెండేళ్ళు. గట్టు మీదకి పరిగెత్తీదాన్ని. ఎనక్కొచ్చి, కాదమ్మా అని సెప్పీదాన్ని. మళ్ళీ సప్పుడు, మళ్ళీ పరుగు. ప్రతిపాలీ కాదమ్మా అని నానే సెప్పాల. లోకంలో తల్లులందరికీ నర్సు, కన్నతల్లికి గుక్కెడు నీళ్ళు పొయ్యలేదు. సెప్పు ఆవిడికి."

నేను చెప్పబోతే పైడమ్మ చెయ్యెత్తింది, చాలన్నట్టు. "నాకు కబురందీసరికి అమ్మని పాతీసి నెల దాటిపోనాది. దానికి ముందు జబ్బని ఉత్తరమొచ్చింది. అప్పుడు నా పరీచ్చలు. అయిపోగానే బయల్దేరదామనుకున్నాను. సెప్పు" అంది.

చెప్పాను. నూకాలు, "పాసయినాదా, అడుగు" అంది.

జీవితంలో నేను మోసిన మాటల్లో అంత బరువైంది ఇంకోటి లేదు. "అప్పా, పాసయ్యావా అంటోంది." పైడమ్మ నది వైపే చూస్తూ, నాకే వినపడీ వినపడనట్టు, "ఆఁ" అంది.

పాత తోట దగ్గర దిగితే అక్కడ తోట లేదు. అడవే. కాళ్ళకి జలగలు పట్టాయి. నూకాలు కొడవలితో తీగలు నరుక్కుంటూ ముందు నడిచింది. చుట్టూ రాళ్ళు పేర్చిన చిన్న మట్టిదిబ్బ, శుభ్రంగా ఉంది. ఏడాదికోసారి వచ్చి బాగుచేస్తుందట. పైడమ్మ మోకాళ్ళ మీద కూలబడింది. ఏడవలేదు. చేతులకి ఏదో ఒక పని కావాలన్నట్టు దిబ్బ మీద మొలిచిన ఆకుల్ని గబగబా పీకెయ్యడం మొదలుపెట్టింది. జీవితమంతా పక్కలు సర్దిన చేతులు కదా.

"ఆపమని సెప్పు!" నూకాలు అరిచింది. "అది కలుపు కాదు. అమ్మ పెరట్లో పసుపు. నాను నాటినాను. ఆపమను!"

అప్పటికి సగం పీకేసింది. మట్టి చేతులతో, పచ్చి పసుపు వాసన కొడుతున్న దుంపలు ఒళ్ళో పెట్టుకుని పైడమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోవాలనుకున్నా మర్చిపోలేను. తర్వాత ఒక్కో దుంపా మళ్ళీ నాటింది. నూకాలు నిలబడి చూసింది గాని వంగలేదు. నేను వంగబోతే, "వొద్దు. ఆవిణ్ణే నాటమను" అంది.

తినేటప్పుడు నూకాలు బుట్టలోంచి అరిటాకు పొట్లాలు తీసింది. ఒకటి వేరుగా నా చేతికిచ్చి, "ఇది ఆవిడికి. కారం తగ్గించినాను, గుండె బాలేదట కదా" అంది. చింతపండు పులుసూ ఎండుచేపా కలిపిన అన్నం. పైడమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేసింది. "అమ్మ సేసినట్టే ఉంది. సెప్పు" అంది. చెప్పాను. నూకాలు చెయ్యి కడుక్కోవడానికి నది దగ్గరికి పోయి చాలాసేపు రాలేదు. ఇంక దారిలో పడిందనుకున్నాను. వెళ్ళేటప్పుడు కాకపోతే వచ్చేటప్పుడు అప్పా అన్న ఆ మాట అనేస్తుందనుకున్నాను.

తిరుగు దారిలో వాన పట్టుకుంది. తార్పాలిన్ కింద ముగ్గురం దగ్గరగా ముడుచుకుని కూర్చున్నాం. వాన వెలిశాక చెట్ల మధ్యలోంచి ఎండ ఏటవాలుగా పడి నది మీద ఆవిరి లేచింది. తడి ఆకుల వాసన, పెట్రోలు వాసన. టౌను దగ్గరపడుతుండగా నీళ్ళలో కొట్టుకొస్తున్న పెద్ద మానొకటి అడ్డం వచ్చింది. పడవవాడు మోటారు బాగా తగ్గించాడు. ఆ నిశ్శబ్దంలో పైడమ్మ బల్ల మీద పూర్తిగా వెనక్కి తిరిగింది. పొద్దుట్నుంచీ అదే మొదటిసారి. చెల్లెలి మొహంలోకే చూస్తూ, నాతో అంది:

"రవణా. దానికి సెప్పు. తప్పయిపోనాది. నన్ను చమించమని సెప్పు."

మధ్య బల్ల మీద నేను. ఒకవైపు ఆమె మోకాళ్ళు, ఒకవైపు ఈమె మోకాళ్ళు నాకు తగులుతున్నాయి. ఒకరి ఊపిరి ఒకరికి వినపడుతోంది. నాకు ఆ ఆస్పత్రి భార్యాభర్తలు గుర్తొచ్చారు. సర్జరీలో బోర్డు గుర్తొచ్చింది. పేరు నీది, నాకెందుకు అన్న మాట గుర్తొచ్చింది.

"అప్పా, అది నేను చెప్పను" అన్నాను. "గుడ్డ కట్టుకోమంటే చెప్పాను, అన్నం బాగుందంటే చెప్పాను. ఇది నీ మాట. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. నువ్వే చెప్పు."

పైడమ్మ పెదాలు కదిలాయి. నూకాలు నీళ్ళ వైపు చూస్తోంది. చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.  మాను దాటిపోయింది. పడవవాడు మళ్ళీ మోటారు పెంచాడు. పైడమ్మ మెల్లిగా ముందుకి తిరిగింది. రేవు వచ్చేదాకా మళ్ళీ వెనక్కి తిరగలేదు. దిగాక నూకాలు నా చెయ్యి పట్టుకుని, "ఎల్లొస్తాను రవణమ్మా. జాగ్రత్తగా తీసుకెల్లు" అంది. వాన లేకపోయినా గొడుగు విప్పి వేసుకుని, మొహం కనపడకుండా వెళ్ళిపోయింది.

తిరుగు విమానంలో పైడమ్మ నాతో మాట్లాడలేదు. ట్రాలీ పిల్ల వస్తే ఇంగ్లీషులో, "ఈవిడకి మంచినీళ్ళు కావాలేమో అడుగు" అంది. నా పక్క సీట్లో కూర్చునే. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రీడింగ్ చేరాక వారాలపాటు తలుపు తియ్యలేదు. చలి ముదిరాక ఒక పొద్దున్న ఫోను చేసి, "అద్దం మీద మంచు పట్టింది. ఒచ్చి సదువు" అంది. వెళ్ళాను. పడవ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నేను చేసింది తప్పో ఒప్పో ఇవాళ్టికీ ఎవర్నీ అడగలేదు. ఆమె నేర్పిన పాఠమే ఆమెకి అప్పజెప్పాను. పాఠం చెప్పేవాళ్ళకి అది తమ మీదకి కూడా రావచ్చని తోచదు కాబోలు.

చివరికి ఆమెని గుండెజబ్బే తీసుకుపోయింది. ఆమె పనిచేసిన ఆస్పత్రిలోనే పడుకుంది. ఆ భవనంలో నడవాలు పాముల్లా మెలికలు తిరిగి ఉంటాయి. బాణం గుర్తులు, వార్డు పేర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ ఒక్కదాన్నే వెళ్ళాను. ఆమె కళ్ళు తెరిచి, "బోర్డులు సదువుకుని ఒచ్చినావా, ఎవుర్నన్నా అడిగినావా?" అంది. చదివే వచ్చానన్నాను. "ఊఁ" అంది. నేను విన్న ఆఖరి మాట అదే. చెల్లెలి పేరు ఎత్తుతుందేమోనని చూశాను. ఎత్తలేదు.

కబురు చెప్పడానికి నూకాలుకి నేనే ఫోను చేశాను. చెప్పాక లైను పోయిందేమోననుకున్నాను. తర్వాత, "నాకేటన్నా సెప్పమన్నాదా?" అంది.

"ఆ రోజు పడవలో చెప్పమంది కదమ్మా. నీకు వినపడలేదా?"

"ఇన్నాను."

"మరి?"

"నువ్వు సెప్తావని సూసినాను" అంది నూకాలు. "నువ్వు సెప్పితే నానేటనాలో కూడా అనుకుని ఉంచుకున్నాను. నువ్వు సెప్పలేదు."

నాకు కోపం తన్నుకొచ్చింది. "మోకాళ్ళు మోకాళ్ళు తగిలేటట్టు కూర్చుని, చెవులారా విని, నేను చెప్పలేదని ఊరుకున్నావా? నువ్వు మనిషివేనా?" అని అరిచాను. అవతలి నుంచి చిన్నపిల్ల ఏడ్చినట్టు సన్నగా వినపడింది. ఏడుపు మధ్యలో, "అప్పకి సెప్పు రవణమ్మా..." అంది. "అప్పకి సెప్పు..." అని, ఇంక ఎవరికి చెప్పమంటోందో అప్పుడు తెలిసొచ్చి, ఫోను పెట్టేసింది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరి మాటా నేను మొయ్యను. నిన్న రాత్రి కొడుకూ కోడలూ ఏదో అనుకున్నారు. పొద్దున్న శ్రీను మెట్ల మీంచి, "అమ్మా, కారు తాళాలు ఎక్కడ పెట్టిందో అడుగు దాన్ని" అన్నాడు. అది నా పక్కనే నిలబడి బ్రెడ్డు కాలుస్తోంది. నేను పొయ్యి కట్టేసి, గరిటె పక్కన పెట్టి, నా గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. మొండిదాన్నని వాళ్ళనుకుంటారు. అనుకోనీ. నా దగ్గర ఇప్పటికే రెండు మాటలున్నాయి. ఒకటి చెప్పవలసిన రోజున నేను చెప్పనన్నది. ఇంకొకటి చెబుదామన్నా వినే మనిషి లేనిది. వాటితోనే నాకు సరిపోతోంది. గడ్డి కోసేవాళ్ళు వెళ్ళిపోయారు. వాసన ఇంకా గదిలోనే ఉంది.